బోణీకి ఇచ్చిన మిషను

కుదురుగా కూర్చుని రాయాల్సిన సంగతి ఇది. ఆ కుదురే నాకు చిక్కడం లేదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే బస్సులో ఫోను తెరిస్తే మా ఆఫీసు గ్రూపులో ఆమె ఫొటో కనిపించింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. గుండెపోటట. కొట్లో నిలబడి ఎవరికో కందిపప్పు తూస్తూ అలాగే ఒరిగిపోయిందట. తోసుకుని సంపాదించిన కిటికీ సీట్లోంచి లేచి నిలబడ్డాను.

“యాడ దిగాల?” అన్నాడు కండక్టరు.

“ఆత్మకూరే.”

“మరి అప్పుడే లేస్తివే! ఇంకా సగం దోవ ఉండాది.”

కూర్చున్నాను. మళ్ళీ లేచాను. పక్క సీట్లో గంప ఒళ్ళో పెట్టుకున్న అవ్వ నన్ను ఎగాదిగా చూసి, “ఏందిరా నీ అవస్థ? కడుపులో బాగలేదా?” అంది. బాగలేదన్నాను. గంపలోంచి ఒక నిమ్మకాయ తీసిచ్చింది. దాన్ని వాసన చూసుకుంటూ మిగతా దోవంతా నిలబడే వచ్చాను.

ఆ రోజు నుంచి ఇంతే. కంచం ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. పోయిన మనిషిని తలుచుకుని ఏడవాలో, కోప్పడాలో, దండం పెట్టాలో తేలకపోతే మనిషికి ఇట్లాంటి గతే పడుతుంది కాబోలు.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా తక్కువే. నాకు అక్క. చెన్నై హెడ్డాఫీసు వాళ్ళకూ, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్లు రాసే పిల్లలకూ మేడమ్. ఆ పిల్లలు మా ఆఫీసును మాత్రం వెనకాల ‘కొట్టు’ అనుకునేవాళ్ళు. “కొట్టు తీశారా?” అని నాకు మెసేజీ పెట్టేవాళ్ళు. ఆ మాట ఆమె చెవిన పడింది. కోప్పడుతుందనుకున్నాను. “కొట్టే గదా!” అని నవ్వేసింది.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఆమె అర్థం కాదు. మా కంపెనీ ఆసుపత్రులకూ కాలేజీలకూ సాఫ్ట్‌వేర్లు నడుపుతుంది. అందుకు చెన్నైలో సొంతంగా పెద్ద సర్వర్లు పెట్టుకుంది. పెద్ద ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు, ఒక్కో సర్వర్నీ లోపల్లోపల పంచి, ఒక్కో వాటానూ విడి కంప్యూటర్‌లాగా వాడుకోనిస్తాం. వాటిని వర్చువల్ మిషన్లంటారు. మేం ఉత్త మిషన్లనే అంటాం. ఇలా ఎవరి సర్వర్లు వాళ్ళే పెట్టుకుని నడుపుకునే ఏర్పాటుకు ప్రైవేట్ క్లౌడ్ అని పేరు. ఎవరికెంత మెమరీ ఇవ్వాలి, ఎవరికెంత డిస్కు ఇవ్వాలి, ఏది ఆపాలి, ఏది లేపాలి అని చూసుకునే పని మాది. ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో, కరెంటు సామాన్ల కొట్టు మీద మేడగదిలో మా ఆఫీసు. కరోనా రోజుల్లో ఊళ్ళు చేరినవాళ్ళను మళ్ళీ చెన్నైకి రప్పించలేక కంపెనీ ఆ గది తీసిచ్చింది. ఆ గదికి ఆమె పెద్ద.

ఆఫీసులో ఆమె కూర్చోగా నేను చూడలేదు. కంపెనీ పంపిన చక్రాల కుర్చీ మీద ఆమె చేతిసంచి కూర్చునేది. ఆమె మాత్రం బల్ల ముందు నిలబడి, ఒక పాదం కుర్చీ కాలి మీద ఆనించి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో టైపు చేస్తూ రెండో చేత్తో పుట్నాలు తింటూ ఉండేది. వాళ్ళది ఆత్మకూరులో పప్పుల హోల్‌సేలు కొట్టు. తాతల నాటిది. చిన్నప్పటినుంచీ కొట్లో నిలబడి నిలబడి అదే అలవాటైపోయిందనేది. పుట్నాలు కూడా ఇంటి సరుకే. డబ్బాలో ఉదయగిరి చెక్క స్పూను ఒకటి వేసి ఉంచేది, నేను తెచ్చిచ్చిందే. ఎవరు గదిలోకొచ్చినా, కరెంటు బిల్లు తెచ్చినవాడైనా సరే, ముందు ఒక స్పూను పుట్నాలు చేతిలో పోసి తర్వాత సంగతేందని అడిగేది.

ఇంకో అలవాటు. ఎవరైనా కొత్త మిషను కావాలని రిక్వెస్టు పెడితే, తెర మీద అది చదువుతూ రెండు అరచేతులూ వెల్లకిలా పట్టి పైకీ కిందికీ ఆడించేది. తనకు తెలియకుండానే చేసేది. ఆ చేతులు సమానంగా ఆగేదాకా జవాబిచ్చేది కాదు. తర్వాత ఫోను తీసేది.

“ఏంది సామీ, ఇంత అడిగినావు?”

“లోడ్ ఎక్కువ ఉంటుంది మేడమ్,” అనేవాడు హైదరాబాదు నుంచి ఎవడో కుర్రాడు.

“ఎంత కావాల అని నేనడగలా. ఎంత తింటాది అని అడిగినా.”

“అది… ఇంకా టెస్ట్ చేయలేదు మేడమ్.”

“టెస్టు చెయ్యకనే దాని ఆకలి నీకెట్టా తెలిసింది? సగమిస్తా, తిననీ. చాలకుంటే మళ్ళీ రా.”

సగమే ఇచ్చేది. వాడు నాలుగు రోజులు సణిగేవాడు. ఆమె రోజూ ఆ మిషను ఎంత వాడుతోందో చూస్తూనే ఉండేది. కొన్నాళ్ళకు, వాడు అడక్కుండానే, ఇంకాస్త మెమరీ చేర్చి, “కొసరు” అని ఒక్క మాట మెసేజీ పెట్టేది. ఆ కొసరు అందుకున్నవాడు ఇక ఆమె మనిషైపోయేవాడు. నేను చూస్తుండగా చాలామంది అలాగే ఆమె మనుషులయ్యారు. నాకు ఒళ్ళు మండేది. అడిగినప్పుడు ఇస్తే పోయేదానికి ఇంత నాటకమెందుకని.

మాది ఉదయగిరి దగ్గర గొర్రెలు మేపే ఇల్లు. చదువుకుని ఈ పనిలోకి వచ్చినా ఆమె నన్ను మందలోంచి బయటికి రానివ్వలేదు. తొందరలో మిషన్లన్నీ ఒకే సర్వరు మీద పెట్టేస్తే, “మందంతా ఒకే చేలో తోలబాకరా, చేనూ పోతాది, మందా పోతాది,” అనేది. వాడకుండా పడి ఉన్న మిషనును చూస్తే ఆమెకు కాళ్ళు నిలిచేవి కావు. గదిలో ఇటునుంచి అటు తిరుగుతూ, “ఎవురిదిరా ఇది? దుమ్ము పడతా ఉండాది. యజమానిని పట్టుకోని అడుగు,” అని నా ప్రాణం తీసేది. నాకూ స్థిమితం తక్కువే. ఆ చిన్న గదిలో ఇద్దరం ఎదురెదురుగా తిరుగుతుంటే కింద కొట్లోని ఆయన, “పైన ఏం దంచుతా ఉండారబ్బా?” అని కేకేసేవాడు.

ఇక బోణీ. దాని ఊసెత్తకుండా ఆమె గురించి రాయవచ్చేమోనని చూశాను. కుదరదు.

కొట్టు తీశాక వచ్చే మొదటి బేరాన్ని పోగొట్టుకోకూడదు. ఇది అంగళ్ళన్నిట్లో ఉన్నదే. ఆమె ఆ పట్టింపును మేడ మీదికి మోసుకొచ్చింది. పొద్దున వచ్చిన మొదటి రిక్వెస్టుకు ఆమె లేదనదు. అరచేతులు ఆడించదు, సగం కొయ్యదు. అడిగింది అడిగినట్టు ఇచ్చేసి, కుడిచేతి వేళ్ళు కళ్ళకద్దుకునేది. ఇచ్చినదాన్ని వెనక్కీ తీసుకోదు. బోణీ సరుకు వాపసు తీసుకుంటే ఆ రోజంతా చెడుతుందట. మొదట్లో నేను తమాషాకు చేస్తోందనుకున్నాను. కాదు. బొట్టు పెట్టుకున్నంత మామూలుగా చేసేది.

హైదరాబాదు పిల్లలు తెలివైనవాళ్ళు. కొన్నాళ్ళకే కనిపెట్టేశారు. పెద్ద మిషను కావలసినవాడు ఆఫీసు తెరిచే వేళకు కాచుక్కూర్చుని రిక్వెస్టు పెట్టేవాడు. నేను ఉండబట్టలేక చెప్పాను.

“అక్కా, వాళ్ళకి తెలిసిపోయింది. కావాలనే పొద్దున్నే పెడతా ఉండారు.”

“మా కొట్టుకి గూడా తెలిసే వస్తారబ్బాయా. మా నాయన తెలిసే ఇచ్చేవాడు.”

“నువ్వు ఇంజనీరింగు చదివినావు గదక్కా!”

“చదివితే? పొద్దున మొదటి మనిషిని లేదని పంపమని అందులో రాసినారా?”

ఇంత పట్టింపు ఉన్న మనిషికి ఇంకో పట్టింపు కూడా ఉండేది. పెద్ద సర్వర్లలో ఏదైనా ఒకటి చచ్చిపోతే, దాని మీదున్న మిషన్లు మిగతా సర్వర్ల మీదికి పోయి లేవాలి. అందుకోసం ఎప్పుడూ కొంత చోటు ఖాళీగా ఉంచుకోవాలి. ఆ చోటును ఆమె విత్తనాలు అనేది. ఎవరెంత ఒత్తిడి పెట్టినా, “అవి వండుకునేవి గాదు, విత్తనాలు,” అని తెగేసి చెప్పేది. చెన్నైలో మా అందరికీ పైన ఉండే సార్ అడిగినా ఇచ్చేది కాదు.

ఒకసారి ఈ రెండు పట్టింపులూ ఎదురుపడ్డాయి. కాలేజీ అడ్మిషన్ల రోజులవి. మిషన్లన్నీ నిండుగా నడుస్తున్నాయి. విత్తనాలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. పొద్దున్నే వచ్చిన మొదటి రిక్వెస్టు హైదరాబాదులో ముందురోజే చేరిన ఒకమ్మాయిది. జలదంకి అమ్మాయి. టెస్టు చేసుకోవడానికి ఎంత అడగాలో ఎవరూ చెప్పినట్టు లేదు, ఫారంలో ఉన్న అన్నిటికంటే పెద్ద సైజు మీద టిక్కు కొట్టి పంపింది.

“ఇది ఇయ్యలేం గదక్కా,” అన్నాను.

ఆమె తెర ముందు కదలకుండా నిలబడింది. పుట్నాల చెయ్యి కూడా ఆగింది.

“మధ్యాన్నం ఒక కాలేజీ పని అయిపోతాది. చోటొస్తాది. అప్పుడు సర్దుతా.”

“అందాకా?”

“అందాకా ఏం గాదులే. బోణీ బేరం, పోగొట్టబాక.”

ఇచ్చేసింది. వేళ్ళు కళ్ళకద్దుకుంది గాని, ఆ చెయ్యి చాలాసేపు కళ్ళ మీదే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం కాకముందే చెన్నైలో ఒక సర్వరు చచ్చింది. ఏడాదికోసారి కూడా జరగనిది ఆ పూటే జరగాలా! దాని మీదున్న మిషన్లు ఒకటొకటే పక్క సర్వర్ల మీదికి పోయి లేస్తున్నాయి. ఏది ముందు లేవాలో వరస ఉంటుంది. ఆ వరసలో కడాన, కొత్తగా చేరిన డయాలసిస్ సెంటరు మిషను ఉంది. దాని వంతు వచ్చేసరికి మెమరీ లేదు. తెర మీద ఎర్రగుర్తు వచ్చి ఆగిపోయింది.

నా ఫోను మోగింది. నాయన.

“కంప్యూటరు రావటల్లేదంటరా. కూర్చోమంటా ఉండారు,” అన్నాడు. మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

మా నాయనకు కిడ్నీలు పోయి అప్పటికి చాలా కాలం. ఆత్మకూరులో ఆ సెంటరులోనే డయాలసిస్. కలిగిరిలో చుట్టాల పెళ్ళికి పోయి ముందటి వంతు ఎగ్గొట్టాడు. కాళ్ళు వాచి, పడుకుంటే ఆయాసం వచ్చి, ఆ పొద్దు నా భుజం పట్టుకుని బస్సు దిగాడు. వంతు తప్పిన వాళ్ళనూ, కొత్తవాళ్ళనూ నెల్లూరులో ఉన్న డాక్టరు కంప్యూటర్లో చూసి, ఎంత నీరు తీయాలో చెప్తేగాని మంచం ఎక్కించరు. ఆ కంప్యూటరు నడిచేది మా మిషను మీదే. అది లేవడం లేదు.

“పొద్దున ఇచ్చింది ఆపెయ్ అక్కా,” అన్నాను. “ఎవురూ దాన్ని ముట్టుకోను గూడా లేదు. ఒట్టిగా పడుండాది.”

“అది బోణీది రా.”

“మా నాయన కూర్చోనుండాడు అక్కడ!”

“తెలుసు.”

“తెలిసి ఏందక్కా! ఊపిరాడక కూర్చోనుండాడు!”

ఆమె కిటికీ దాకా పోయింది, వచ్చింది. మళ్ళీ పోయింది. నేను మౌసు లాక్కోబోయాను. నా మణికట్టు పట్టుకుంది, వదల్లేదు. రెండో చేత్తో నడుస్తున్న మిషన్లన్నీ పైనుంచి కిందికి చూస్తూ పోయింది. ఒక దాని దగ్గర ఆగింది. అది చెన్నై సార్‌ది. ఆ రోజు మా సాఫ్ట్‌వేరు కొనడానికి వచ్చిన పెద్ద మనుషులకు ఆయన దాని మీదే అంతా నడిపి చూపిస్తున్నాడు. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని ముందురోజే అందరికీ చెప్పి ఉన్నాడు. ఆమె దాన్ని ఆపేసింది.

“ఏం జేసినావక్కా!”

“చోటు జేసినా. నువ్వు సెంటరుది లేపు. నిలబడబాక.”

లేపాను. తొందరలో పాస్‌వర్డు తప్పు కొట్టాను, మళ్ళీ కొట్టాను. ఎర్రగుర్తు పోయి పచ్చగుర్తు వచ్చింది. కాసేపటికి నాయన ఫోను. “వచ్చిందంటరా. పిలస్తా ఉండారు,” అని పెట్టేశాడు. ఈలోపే బల్ల మీద ఆమె ఫోను మోగుతోంది. చెన్నై నుంచి. ఎత్తలేదు. నా చేతిలో ఒక స్పూను పుట్నాలు పోసి, “ముందు మీ నాయన దగ్గరికి పో,” అంది.

మర్నాడు వీడియోలో విచారణ పెట్టారు. కెమెరా కూర్చున్నవాళ్ళ ఎత్తుకు ఉంటుంది, ఆమె కూర్చోదు. అంచేత చెన్నై వాళ్ళకు ఆమె మొహం కాకుండా చీర కుచ్చెళ్ళు కనిపిస్తున్నాయి. “మేడమ్, కాస్త కూర్చుంటారా?” అన్నాడు సార్. “నాకిట్టానే బాగుండాది సార్,” అంది. నేను లేచి కెమెరాను పైకి తిప్పాను.

“ఖాళీ చోటు ఎందుకు లేకుండా పోయింది?”

“నేనే ఇచ్చేసినా సార్, పొద్దున.”

“ఎందుకిచ్చారు?”

“బోణీ సార్.”

అటువైపు ఎవరో నవ్వాపుకోలేక దగ్గినట్టు చేశారు. సార్ నవ్వలేదు.

“సరే, ఇచ్చారు. ఆ టెస్ట్ మిషన్ ఎవరూ వాడటం లేదు కదా, దాన్ని ఆపొచ్చు కదా?”

“ఇచ్చింది ఎనక్కి తీసుకోను సార్.”

“నా డెమో మాత్రం ఆపుతారు! అవతల ఎవరు కూర్చున్నారో తెలుసా మీకు?”

“మీది కూర్చోని చూసేవాళ్ళ మిషను సార్. ఆ సెంటరుది పడుకోనుండే వాళ్ళది.”

నేను ఎదురుచూస్తున్నాను, ఇప్పుడు మా నాయన సంగతి చెప్తుందని. చెప్తే వాళ్ళు మెత్తబడతారేమోనని ఆశ. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. తప్పు నాది, చోటు తగ్గించింది నేనే, అని మళ్ళీ చెప్పి ఊరుకుంది. వీడియో ఆగాక అడిగాను.

“మా నాయన సంగతి చెప్పలేదేందక్కా?”

“చెప్తే మీ నాయన కోసమే చేసిందంటారు. అక్కడ మీ నాయన ఒక్కడే ఉండాడా?”

సాయంత్రానికల్లా మిషన్లను ముట్టుకునే అధికారం ఆమె పేరు మీంచి తీసేశారు. ఆమె నిలబడి పని చేస్తుండగానే తెర మీద బటన్లన్నీ ఒక్కసారిగా బూడిదరంగుకు తిరిగాయి. ఒక బటన్ నొక్కి చూసింది. ఇంకోటి నొక్కింది. “చెయ్యాడటల్లా,” అంది నాతో, నేనేదో సర్దగలనన్నట్టు. ఇక రిపోర్టులు రాయమన్నారు. రిపోర్టులు రాయాలంటే కూర్చోవాలి. నెల తిరక్కుండా మానేసి కొట్టుకు పోయింది. ఆమె పని నాకిచ్చారు.

కొట్టు ముందు నుంచి పోయినప్పుడల్లా ఆగేవాణ్ణి. త్రాసు పక్కన నిలబడి ఉండేది. పలకరింపుగా, “చోటెంతుండాదిరా ఇప్పుడు?” అనేది. విత్తనాలు ఉన్నాయని చెప్పేవాణ్ణి. ఆ టెస్టు మిషను ఎందుకు ఆపలేదని అడక్కుండా మాత్రం ఎప్పుడూ రాలేదు. అడిగిన ప్రతిసారీ ఒక కొత్త జవాబు. ఒకసారి, “చెయ్యి రాలేదురా,” అంది. ఇంకోసారి, “ఆ పిల్ల కొత్తది, మొట్టమొదట అడిగింది లాగేసుకుంటే ఏమనుకుంటాది?” అంది. మరోసారి, “ఆ సారు డెమో నాకు మొదట్నించీ నచ్చలేదు,” అని పకపకా నవ్వింది. ఏది నిజమో తేల్చకుండా ఇప్పుడు పోయింది.

నా బాధ అదే. మా నాయనకు ఊపిరాడకుండా చేసింది ఆమె పిచ్చి పట్టింపు. మా నాయనకు ఊపిరి పోసిందీ ఆమే. ఈ రెంటినీ ఒకచోట పెట్టుకోవడం నా వల్ల కాలేదు. దండం పెడదామనుకుంటే కోపం వస్తుంది, కోపం తెచ్చుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆమె అంటే నాకు చాలా ఇష్టం. ఇక్కడ రాయడమే తప్ప ఆ మాట ఎవరితోనూ అన్లేదు.

ఆమె పోయాక వచ్చిన వంతుకు నాయనను సెంటరుకు తీసుకుపోయాను. ఆయన్ను మంచం ఎక్కించాక నేను గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతున్నాను.

“ఏందిరా, కుక్క తరిమిన గొర్రె మాదిరి?” అన్నాడు నాయన.

అప్పుడు చెప్పాను. అన్నాళ్ళూ ఆయనకు ఆ రోజు కంప్యూటరు చెడిపోయి బాగయిందని మాత్రమే తెలుసు. మా అక్క పోయిందనీ, ఆమె ఎవరో, ఆ రోజు మొదట ఏం చేసిందో, తర్వాత ఏం చేసిందో, అంతా చెప్పాను. సర్వర్లూ మెమరీలూ ఆయనకేం తెలుస్తాయి? కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

“తప్పు ఆమే చేసింది. ఆమే దిద్దుకునింది. మధ్యలో నువ్వెందుకురా అటూ ఇటూ తిరగతావు?” అన్నాడు.

తిరగడం ఆపి మంచం పక్కన నిలబడ్డాను.

“ఇల్లు యాడ?”

“ఎవురిల్లు?”

“ఆ బిడ్డ ఇల్లురా. రేపు పోదాం.”

వద్దన్నాను, ఎండలన్నాను, నువ్వు నడవలేవన్నాను. మర్నాడు తలపాగా చుట్టుకుని నాకంటే ముందు బస్టాపులో ఉన్నాడు.

ఇల్లు కొట్టు వెనకాలే. కొట్టు మూసి ఉంది. ఆమె తల్లి వసారాలో గోడకానుకుని కూర్చుని ఉంది. బాగా పెద్దావిడ. నేను ఎవరినో చెప్పాను. “కంపెనీ పిల్లోడివా?” అని నా వంక చూసి మొహం తిప్పుకుంది. కాసేపటికి తనలో తను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

“ఏందో తప్పు చేసిందని తీసేసినారంట గదా. ఏం తప్పో చెప్పమంటే, చేసినానులే అమ్మా అంటాది గాని చెప్పదు. కొట్టుకి వచ్చినోళ్ళు అడగతారు, పెద్ద ఉద్యోగం గదా ఎందుకు మానేసిందని. తమ్ముడు అడిగినాడు, మరదలు అడిగింది. బిడ్డ ఒక్క మాట చెప్పకుండా పాయ. ఏం చేసిందయ్యా నా కూతురు? కంపెనీ దుడ్డు తినిందా?”

వర్చువల్ మిషన్ల దగ్గర మొదలుపెట్టాలా, బోణీ దగ్గర మొదలుపెట్టాలా? నాయన చేతికర్ర పక్కన పెట్టి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“దుడ్డు తినలేదమ్మా. వాళ్ళ పెద్దాయన మిషనేదో ఆపి మా ఆసుపత్రి మిషను నడిపించిందంట. అందుకు పక్కన పెట్టినారంట. నాకా సంగతులు తెలీవు. నేను మటుకు ఆ పొద్దు ఇంటికి పోయినాను. నాతో గూడా కూర్చోనున్నోళ్ళూ పోయినారు.”

పెద్దావిడ నాయనను చూసింది. సూదులు గుచ్చి గుచ్చి తాళ్ళలా ఉబ్బిన ఆయన చేతి నరాలను చూసింది. చెయ్యి చాపి ఆ నరాల మీద వేళ్ళు ఆనించింది. లోపల రక్తం పారడం వేళ్ళకు తగులుతుంది. తగిలినట్టుంది, చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

తర్వాత నేను వద్దంటున్నా వినకుండా తనే లేచి లోపలికి పోయి, పెద్ద ఇత్తడి గ్లాసు నిండా కుండ నీళ్ళు తెచ్చింది.

“ఎండన పడి వచ్చినావు. తాగయ్యా.”

నాయనకు డాక్టరు నీళ్ళు కొలత పెట్టాడు. రోజు మొత్తానికీ ఒక చిన్న సీసా. పొద్దున ఇంట్లో నింపుకుని జేబులో పెట్టుకుని, మాత్రకో గుక్క చొప్పున సాయంత్రం దాకా దాచుకుంటాడు. ఎక్కడికి పోయినా ఎవరేం ఇచ్చినా చేత్తో తోసేస్తాడు. పెళ్ళిళ్ళలో మజ్జిగ పంచేవాళ్ళ మీద కసురుకుంటాడు. నేను గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టబోయాను.

నాయన నా చెయ్యి పక్కకు నెట్టి, రెండు చేతులతో గ్లాసందుకుని, ఆమె చూస్తుండగా ఆగకుండా మొత్తం తాగేశాడు.

“చల్లగా ఉండాయమ్మా,” అన్నాడు.

తిరుగు బస్సులో, జేబులో ఉన్న చిన్న సీసా తీసి నా చేతికిచ్చాడు. నిండుగానే ఉంది. మర్నాడు పొద్దుటి దాకా దాన్ని మళ్ళీ అడగలేదు.